నల్లపావుల వైపు నుంచి

మా బాపుకూ నాకూ పాతికేళ్ళ పాటు చదరంగం లేదు. మాటలు లేవనుకునేరు సుమండీ! పొలం సంగతులు, పెళ్ళిళ్ళ సంగతులు, మంజీరలో ఈసారి నీళ్ళు వస్తాయా రావా అన్న సంగతి, అన్నీ మామూలుగానే మాట్లాడుకున్నాం. చదరంగం మాత్రం లేదు. తప్పు నాది. అది ఎలా జరిగిందో, మళ్ళీ ఎలా మొదలయిందో చెప్పాలంటే మధ్యలో కలకత్తా దాకా, అక్కడి నుంచి వియన్నా దాకా పోయి రావలసి ఉంటుంది. కాస్త ఓపిక పట్టాలి.

నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలయి 1931లో ముగిసింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అనే ఇంజనీరుగారి చలవ. కాలువ నీళ్ళు పారడంతో కోస్తా జిల్లాల నుంచి రైతులు కుటుంబాలతో వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కుని స్థిరపడ్డారు. వాళ్ళున్న చోట్లను ఈ నాటికీ క్యాంపులనే అంటాం. మా బాపు కాలువ మీద లష్కరు. తూములు ఎత్తడం, దించడం, నీళ్ళ కోసం కొట్లాడుకునే రైతులకు నచ్చజెప్పడం ఆయన ఉద్యోగం. సాయంత్రం అయ్యేసరికి మా ఇంటి అరుగుమీద చదరంగం. బల్ల ఏదీ లేదు. అరుగుబండ మీదనే ఎవరో అరవై నాలుగు గళ్ళు చెక్కారు. నలుపు, తెలుపు రంగులు లేవు, ఉత్త గళ్ళు. పావులు వడ్లాయన చెక్కి ఇచ్చినవి. ఒక జట్టుకు లక్కరంగు వేశాడు, రెండో జట్టుకు మసి పూశాడు. మసి పూసినవి బాపువి. ఎప్పుడూ అవే. తెల్లవో ఎర్రవో తీసుకుని ముందు కదపడమంటే ఆయనకు గిట్టదు. "ముందుగాల ఆయన మనసులేముందో జూడాలె గద" అనేవాడు.

ఎదటి వైపు క్యాంపు నుంచి సైకిలు మీద వచ్చే ఒక పెద్దాయన. నేను మామయ్య అని పిలిచేవాణ్ణి. గోదావరి వైపు మాట. ఆట మొదలయ్యే ముందు అరగంట సేపు నిబంధనల గురించి వాదన తప్పేది కాదు. ఎందుకంటే మన వెనుకటి చదరంగానికి ఊరికొక శాస్త్రం, ఇంటికొక సంప్రదాయం. బంటు మొదటి ఎత్తులో అయినా సరే ఒక్క గడే నడవాలి, ఇంగ్లీషు ఆటలోలాగ రెండు గళ్ళు పోరాదు, అనే దగ్గర ఇద్దరికీ పేచీ లేదు. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజు ఒకే ఒకసారి, అదీ అంతవరకు షా తగలకుండా ఉంటేనే, గుర్రంలాగా దూకవచ్చు. అక్కడి దాకా సంధి. బంటు చివరి గడికి చేరితే ఏమవుతుంది? మంత్రి అవుతుందని ఇంగ్లీషువాళ్ళ లెక్క. మా అరుగుమీద అలా కాదు. ఏ పావు వీధిలో చేరిందో ఆ పావే అవుతుంది. ఏనుగు వీధిలో చేరితే ఏనుగు, శకటు వీధిలో చేరితే శకటు (మా వైపు కొందరు దాన్ని ఒంటె అంటారు). గుర్రం వీధిలో చేరి గుర్రమయితే మాత్రం అది వెంటనే ఇంకొక దూకు దూకవచ్చునని మామయ్య, వీల్లేదని బాపు! ఈ ఒక్క దూకు మీద ఒక వానాకాలమంతా వాళ్ళు మాట్లాడుకోకపోవడం నాకు జ్ఞాపకం.

తెలుగు చెప్పుకునేవాణ్ణి కనుక ఒక మాట అడ్డం వేస్తాను. ఈ ఆట మనకు నిన్న మొన్నటిది కాదు. కృష్ణరాయల కాలంలో బొడ్డుచర్ల తిమ్మన అనే కవి చదరంగంలో రాయలనే ఓడించేవాడని చాటువు ఉంది. మన రోజువారీ మాటలలోకి ఈ ఆట ఎంతగా దిగిపోయిందంటే, ఎత్తుకు పైఎత్తు అన్నవాడికీ, వాడి ఆటకట్టింది అన్నవాడికీ తాను చదరంగం మాట్లాడుతున్నానన్న ధ్యాసే ఉండదు.

ఒకేసారి ఒకే గడి నడిచే బంట్లతో ఆట ఎలా సాగుతుందో ఆలోచించండి. ఇంగ్లీషు ఆటలో మొదటి ఎత్తుకే ఇద్దరి బంట్లూ నడుమ గళ్ళలో తలపడతాయి. మా అరుగుమీద అంత తొందర లేదు. బాపు ముందుగా రాజు పక్క గుర్రం ఎదుట ఉన్న బంటును ఒక్క గడి జరిపేవాడు. అది ఖాళీ చేసిన గడిలోకి శకటు వచ్చి కూర్చునేది, కంచె చాటున కూర్చున్న కావలివాడిలాగ. అక్కడి నుంచి దాని చూపు బల్ల ఈ మూల నుంచి ఆ మూల దాకా ఏటవాలుగా పారుతుంది. గుర్రం ముందుకు వస్తుంది. ఎదటివాడు నడుమ గళ్ళన్నీ ఆక్రమించుకుంటుంటే బాపు చుట్ట కాల్చుకుంటూ చూస్తుండేవాడు. నాకు ఉండబట్టేది కాదు. "బాపూ, నడుమంతా ఆయనే తీసుకుంటున్నడు" అంటే, "రానియ్యి బిడ్డా. ఎంత ముందుకొస్తే ఎనుక గంత ఖాళీ" అనేవాడు.

1999లో నేను డిగ్రీ చదువుతూ కళాశాలల మధ్య జరిగే పోటీకి పోయాను. నాకు నల్లపావులు వచ్చాయి. ఇంగ్లీషు నిబంధనలు నేర్చుకునే పోయాను గాని, చెయ్యి మాత్రం బాపుది. అదే బంటు, అదే శకటు, అదే గుర్రం. ఇరవై ఎత్తులు నిండకుండానే ఆటకట్టింది. ఓడితే ఓడాను, లోకంలో ఓడనివాడెవడు? పోటీని చూసుకుంటున్న ఒక పెద్దమనిషి వచ్చి, నలుగురిలో నా బంట్లను చూపించి, "ఇది అరుగులమీద ఆడే ఆట బాబూ, పుస్తకం చదువుకుని రా" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హైదరాబాదు పోయినప్పుడు ఆబిడ్స్‌లో ఆదివారం పూట పాత పుస్తకాలు పరిచే చోట ఒక చదరంగం పుస్తకం కొన్నాను. అందులో మొదటి పాఠమే నడుమ గళ్ళు బంట్లతో పట్టుకోవాలని. బాపు చేసేది సరిగ్గా తలకిందులు!

సెలవులకు ఇంటికి వచ్చాను. బాపు సంబరంగా పావులు పేర్చాడు. మామయ్య కూడా ఉన్నాడు. మూడో ఎత్తుకే నేను చెయ్యి అడ్డం పెట్టి, "ఇది చదరంగం కాదు బాపూ. పులీమేకలాంటిది. అసలు చదరంగం వేరే ఉంది" అన్నాను. ఆ అనడంలో ఆ పెద్దమనిషి నవ్వు కొంత నా మొహంలోకి వచ్చే ఉంటుంది. బాపు కోప్పడలేదు. "చదువుకున్నోనివి" అని పావులు ఒక్కొక్కటే సంచిలో వేశాడు. మర్నాటి నుంచి మామయ్యతో ఆడాడు గాని నాతో ఆడలేదు. నేనూ ఆడమనలేదు. తరువాత మామయ్య పోయాడు. సంచి అటకెక్కింది.

ఇది ఇంతటితో పోయేదే. కిందటి ఏడు తరగతిలో ప్రబంధ పాఠం చెబుతూంటే వెనుక బల్ల మీద ఒక కుర్రవాడు తల వంచుకుని ఎంతో శ్రద్ధగా ఉన్నాడు. ప్రబంధం మీద అంత శ్రద్ధ నాకు అనుమానం కలిగించింది. పోయి చూస్తే ఒళ్ళో సెల్‌ఫోను, ఫోనులో చదరంగం. లాక్కున్నాను. తిట్టడానికి నోరు తెరిచి, బల్ల చూసి ఆగిపోయాను. నల్లపావులు వాడివి. గుర్రం ఎదుటి బంటు ఒక్క గడి జరిగి ఉంది. దాని వెనుక శకటు కూర్చుని ఉంది. గుర్రం ముందుకు వచ్చి ఉంది. మా అరుగు!

"ఏమిట్రా ఇది?" అన్నాను. 

"గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్సు, సార్" అన్నాడు భయంగా.

ఈ కాలపు పిల్లలకు ఇలాంటి పేర్లు మేనమామల పేర్లంత సులువుగా వస్తాయి. రాక ఏం చేస్తాయి? గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టరయింది. గుంటూరు పిల్లవాడు హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ విజేత. మన ఓరుగల్లు అర్జున్ ఎరిగైసి 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో పదకొండు ఆటలలో పది పాయింట్లు తెచ్చాడు. చదరంగం ఆడితే చదువు చెడుతుందన్న తల్లిదండ్రులే ఇప్పుడు శిక్షణకు పంపుతున్నారు. కుర్రవాడికి ఫోను తిరిగి ఇచ్చేశాను. పాఠం విననందుకు మాత్రం నాలుగు చీవాట్లు పెట్టాను.

ఆ పేరు పట్టుకుని నెల రోజులు చదివాను. ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ వియన్నా నగరంవాడు. 1922లో ఈ రక్షణను పెద్ద పోటీలలోకి తెచ్చాడు. ఆ ఏడే వియన్నాలో, తరువాత ప్రపంచ విజేత కాబోయే అలెఖిన్‌ను దీనితోనే ఓడించాడు. అలెఖిన్ ఓటమి ఒప్పుకుంటూ తన రాజును గది అవతలికి విసిరికొట్టాడని చెబుతారు. ఇందులోని కీలకం ఇది: నల్లవాడు తన మంత్రి ఎదుటి బంటును రెండు గళ్ళు దూకించి, తెల్లబంటు చేత కొట్టించుకుని, గుర్రంతో తిరిగి కొడతాడు. తరువాత గుర్రాలు మార్చుకుంటారు. తెల్లవాడికి నడుమ నాలుగు గళ్ళలో బంట్ల కోట తయారవుతుంది. చూడడానికి తెల్లవాడు గెలిచినట్లే ఉంటుంది. అప్పుడు మూలనున్న శకటూ, పక్క వీధి బంటూ కలిసి ఆ కోట పునాది మీద దెబ్బ వేయడం మొదలుపెడతాయి. కట్టనిచ్చి కూల్చడమన్నమాట. ఎంత ముందుకొస్తే ఎనుక గంత ఖాళీ!

ఇంతవరకు చదివి, బాపుకు వియన్నాలో ఒక తమ్ముడున్నాడని మురిసిపోయాను. కాని అది కూడా తప్పే. అన్న ఒకడు అంతకు ముందే ఉన్నాడు, అదీ మన దేశంలో.

కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాట్లండు బారిస్టరు ఉండేవాడు. చదరంగంలో లండన్, పారిస్ ఉద్దండులతో తలపడినవాడు. కలకత్తాలో తనకు దీటైనవాడు దొరకక ఉసూరుమంటూ ఉండేవాడు. 1848లో చదరంగం క్లబ్బు సభ్యుడొకాయన పల్లెలవైపు పోయినప్పుడు, అంతవరకు ఎవరి చేతిలోనూ ఓడలేదని పేరున్న ఒక బ్రాహ్మణుడి సంగతి తెలిసింది. ఆడి చూసి, తీసుకువచ్చి కాక్రేన్ ఎదుట కూర్చోబెట్టాడు. ఆయన పేరు మహేశచంద్ర బెనర్జీ. ఇంగ్లీషు పత్రికలవాళ్ళు ఆ పేరును ఒకచోట మొహిషుందరనీ, ఇంకొకచోట మొహెశ్చుందరనీ నానా తిప్పలూ పెట్టారు. కొంతకాలానికి క్లబ్బువాళ్ళు ఆయనను జీతమిచ్చి పెట్టుకున్నారు. ఉద్యోగం ఏమిటంటే కాక్రేన్‌తో చదరంగం ఆడడం! ఇంతకంటె మంచి ఉద్యోగం ఉంటుందని నేననుకోను. వాళ్ళిద్దరి ఆటలు వందలకొద్దీ అచ్చయి మిగిలాయి. అందులో ఎక్కువ కాక్రేనే గెలిచాడు.

1855లో వాళ్ళాడిన ఒక ఆటలో మహేశచంద్రకు నల్లపావులు. మొదట గుర్రం. తరువాత గుర్రం బంటు ఒక్క గడి. తరువాత మంత్రి బంటు రెండు గళ్ళు. శకటు మూలకు. గ్రూన్‌ఫెల్డ్ ఆడినదానికి అరవై ఏడేళ్ళ ముందు! నాకు తెలిసినంతలో ఈ రక్షణతో మొదలయిన ఆటలలో ఇదే మొట్టమొదటిది.

మహేశచంద్రకు ఆ ఎత్తులు ఎక్కడి నుంచి వచ్చాయి? నాకు తోచేది ఒకటే. ఆయన ఇంగ్లీషు నిబంధనలు నేర్చుకున్నాడు, బంటును అవసరమయినప్పుడు రెండు గళ్ళు దూకించాడు కూడా. కాని చెయ్యి మాత్రం ఒక్క గడి నడిచే బంట్లతో పెరిగిన చెయ్యి. కంచె వేసి, చాటున శకటును కూర్చోబెట్టి, ఎదటివాణ్ణి రానివ్వడం ఆ చేతికి పుట్టుకతో వచ్చినట్లు వచ్చింది. ఆ కాలపు ఐరోపావాళ్ళకు అది వింత. ఇలాంటి ఎత్తులకు ఇండియన్ డిఫెన్సు అన్న పేరు 1884 నాటికే వాడుకలో కనిపిస్తుంది. ఈ నాటికీ కింగ్స్ ఇండియన్, క్వీన్స్ ఇండియన్, నిమ్జో ఇండియన్ అని ఆ ఇంటిపేరు మోస్తూనే ఉన్నాయి. నాకు కాస్త కష్టం తోచిన మాట చెబుతాను. 1848లో మహేశచంద్ర మీద కాక్రేన్ నాలుగో ఎత్తులోనే రెండు బంట్ల కోసం గుర్రాన్ని బలి ఇచ్చాడు. దానికి కాక్రేన్ గాంబిట్ అని పేరు నిలిచింది. ఆయనది ఆయనకు దక్కింది. ఈయనది మాత్రం దేశం ఖాతాలో పడింది.

సరే, ఆ 1855 ఆట ఎత్తులన్నీ కాగితం మీద రాసుకుని ఆదివారం నిజాంసాగర్ పోయాను. బాపుకు ఎనభై దాటాయి. చూపు ఆనుతుంది గాని మోకాళ్ళు ఆనవు. అటక మీది సంచి నేనే దించాను. లక్కరంగు ఏనుగు ఒకటి కనబడలేదు. దాని చోట చింతగింజ పెట్టాం. "ఒక బ్రాహ్మణుడు నీ ఆట ఆడిండు బాపూ, నూటడెబ్బై ఏండ్లకు దగ్గర్ల" అంటే నమ్మనట్టు చూశాడు. నేను ఒక్కొక్క ఎత్తే చదివాను, ఆయన జరిపాడు. గుర్రం బంటు ఒక్క గడి జరిగినప్పుడు ఏమీ అనలేదు. శకటు మూలకు వచ్చినప్పుడు మాత్రం నా మొహంలోకి ఒకసారి చూశాడు. రాజును కోటలో పెట్టడం చూసి, "రాజు దుంకకుండ దాసుకుంటడా?" అని అడిగాడు.

ఆట నడిమికి వచ్చింది. కాక్రేన్ గుర్రం దూకి, నల్లరాజు కోటకు కాపు ఉన్న బంటును కొట్టింది. దాని వెనుక ఏటవాలుగా తెల్లమంత్రి కాచుకుని ఉన్నాడు. పద్దెనిమిదో ఎత్తులో మహేశచంద్ర తన గుర్రాన్ని బల్ల అంచుకు తోలాడు, తెల్లమంత్రిని కొట్టే బెదిరింపుతో. అంతే. తెల్లగుర్రం పక్కకు తప్పుకుంటూ ఒకేసారి రెండు షాలు, తనదొకటీ మంత్రిదొకటీ. నల్లరాజు మూలకు పోయాడు. తెల్లమంత్రి వచ్చి రాజు పక్కనే కూర్చుని ప్రాణం ఇచ్చాడు. దానిని నల్ల ఏనుగు కొట్టక తప్పలేదు. ఇప్పుడు రాజు చుట్టూ తన ఏనుగు, తన శకటు, తన బంటు. కదలడానికి గడి లేదు. తెల్లగుర్రం తిరిగి వచ్చి షా అంది. ఊపిరాడక ఆటకట్టింది.

మొదటి గ్రూన్‌ఫెల్డ్ ఓడిపోయిన ఆట! ఈ సంగతి ముందే చెప్పకుండా దాచాను, బాపు ఏమంటాడో చూద్దామని. అరుగుల మీది ఆట ఓడిపోతుందన్న నా పాత మాటకు సాక్ష్యం నేనే తీసుకుపోయినట్లయింది. బాపు చాలాసేపు పావులవైపు చూశాడు. ఆ చివరి గుర్రాన్ని వెనక్కి తీసి, అంచుకు పోయిన నల్లగుర్రాన్ని వేలితో తట్టి, "మంత్రిని జూసిండు, రాజును మరిచిండు" అన్నాడు. "మొదలు మంచిగనే పెట్టిండు. మొదట్ల తప్పు లేదు." తరువాత అడిగాడు: "ఓడినంక గీ తీరు ఇడిసిపెట్టిండా?"

విడిచిపెట్టలేదు, కంచె చాటు శకటుతో ఇంకా ఆటలు ఆడాడని చెప్పాను. ఇంకొన్ని కూడా చెప్పాను. 1956లో బాబీ ఫిషర్ అనే అమెరికా కుర్రవాడు పదమూడేళ్ళ వయసులో నల్లపావులతో ఇదే రక్షణ ఆడి, మంత్రినే బలి ఇచ్చి గెలిస్తే దానిని శతాబ్దపు ఆట అన్నారని. 2010లో మన ఆనంద్ ప్రపంచ పోటీ మొదటి ఆటలో ఇదే ఆడి టొపలోవ్ చేతిలో ఓడిపోయి కూడా, చివరకు పోటీ గెలిచి కిరీటం నిలుపుకున్నాడని. బాపు వింటున్నాడో లేదో తెలియదు. పావులు మళ్ళీ పేరుస్తున్నాడు. లక్కరంగువి నా వైపు, మసివి తన వైపు.

నేను పాతికేళ్ళ కిందటి మాట ఎత్తబోయాను. సరిగా మాట కూడగట్టుకోలేదు. "ఆనాడు నేను..." అంటున్నాను. "నీ బంటు రెండడుగులు దుంకుతదా, ఒక్కటా? ముందుగాల చెప్పు. మల్ల పంచాయితీ వద్దు" అన్నాడు.

"ఒక్కటే" అన్నాను.

దీపాల వేళదాకా ఆడాం. నడుమ గళ్ళన్నీ నావే. ఎంత సుఖంగా ముందుకు పోయానో అంత భయంగా ఉంది, ఆ మూలనున్న శకటును చూస్తే. అమ్మ రెండుసార్లు భోజనానికి పిలిచింది. మూడోసారి కరెంటు పోయింది. పావులు ఎక్కడివక్కడ ఉంచి లోపలికి పోయాం. తెల్లవారి చూస్తే అరుగంతా కోళ్ళు! సగం పావులు కింద, చింతగింజ ఏనుగు జాడ లేదు. కోడి మింగేసింది కాబోలు. బాపు ఏమాత్రం తొణకలేదు. ఎవరివి ఎక్కడున్నాయో తనకు జ్ఞాపకముందని ఒక్కొక్కటీ తీసి గళ్ళలో పెట్టాడు. అన్నీ సరిగానే పెట్టాడు గాని, నా నడిమి బంటు ఒకటి ఒక గడి వెనకగా పడిందని నాకు ఇప్పటికీ అనుమానం.